జూన్‌కి తట్టుకునే ఇంటి బడ్జెట్

ఇంటి బడ్జెట్ మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది మూడో నెలకో నాలుగో నెలకో పుస్తకం మూలన పడేస్తారు. అడిగితే "ఖర్చులు చేతిలో ఉండట్లేదండీ" అంటారు. తీరా లెక్క విప్పి చూస్తే పాలు, కూరలు, పెట్రోలు, ఫోన్ రీఛార్జీలు నెలనెలా దాదాపు ఒకేలా ఉంటాయి, వందో రెండొందలో అటూ ఇటూ. దెబ్బ కొట్టేవి ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవి. జూన్‌లో స్కూలు ఫీజు, జనవరిలో సంక్రాంతికి ఊరెళ్లడం, మాఘంలో వరసగా వచ్చిపడే శుభలేఖలు, బండి ఇన్సూరెన్సు. వీటన్నిటినీ "అనుకోని ఖర్చులు" అనే గంపలో వేసేస్తాం. సంక్రాంతి అనుకోకుండా రావడమేమిటి? స్కూళ్లు ఏటా జూన్ రెండో వారంలో తెరుస్తారన్న సంగతి పిల్లలున్న ఏ ఇంట్లో తెలియదు?

అందుకని ఇక్కడ చెప్పే పద్ధతిలో ముందు ఏడాది పద్దు, ఆ తర్వాతే నెల పద్దు. యాప్ అయినా, ఎక్సెల్ అయినా, పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన పేజీలైనా ఫరవాలేదు. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు, అడుగున నిల్వ. ఇంతకు మించిన సరంజామా అక్కర్లేదు.

ముందు పాత స్టేట్‌మెంటు

అంకెలు ఊహించి రాయకండి. ఊహించి రాస్తే కూరగాయలకు ఎప్పుడూ తక్కువ, పొదుపుకు ఎప్పుడూ ఎక్కువ పడుతుంది. బ్యాంకు యాప్‌లోంచి గడిచిన మూడు నెలల స్టేట్‌మెంటు దించుకోండి, వీలైతే ఏడాదిది. ఇంట్లో ఇద్దరికీ ఖాతాలుంటే ఇద్దరివీ. ఒక్కో పంక్తి పక్కన ఒక అంకె వేసుకుంటూ పోండి: వెచ్చాలకు 1, కూరలకు 2, పాలకు 3, పెట్రోలుకు 4, ఇలా. పద్దులు పన్నెండు పదమూడు దాటనివ్వొద్దు. సబ్బులు ఒక పద్దు, షాంపూ ఇంకో పద్దు అని నలభై వరసలు పెట్టుకున్న వాళ్లు రెండో వారానికే విసిగిపోతారు. కొట్లో ఒకే బిల్లులో వచ్చేవన్నీ ఒకే పద్దు.

ఇక్కడొక చిక్కుంది. కూరగాయల బండి దగ్గర క్యూఆర్‌కి డబ్బు కొడితే స్టేట్‌మెంటులో ఆ బండి యజమాని పేరో, వాళ్లబ్బాయి పేరో పడుతుంది. రెండు నెలలయ్యాక ఆ పేరు చూస్తే అది వంకాయలకు ఇచ్చిందో, పంక్చరుకు ఇచ్చిందో గుర్తుండదు. పాత నెలల్లో అలాంటివన్నీ "చిల్లర"లో వేసేయండి, తవ్వి లాభం లేదు. ఇకనుంచి మాత్రం డబ్బు పంపేటప్పుడు నోట్ రాసే గడిలో ఆ పద్దు అంకె ఒక్కటి కొట్టండి. తెలుగు అక్షరాలు కొన్ని యాప్‌లు తీసుకోవు, అంకెతో ఆ బాధ లేదు. నెలాఖరున యాప్‌లో హిస్టరీ తెరిస్తే లెక్క సగం అయిపోయి ఉంటుంది.

ఏటీఎంలో తీసిన నగదు ఎటు పోయిందో తెలియకపోతే అది కూడా చిల్లరే. ఆ పద్దు మొత్తం చూసి ఇంట్లో ఒకరినొకరు నిలదీసుకోకుండా ఉంటే చాలు.

ఏడాది పద్దు

క్యాలెండరు ముందేసుకుని నెలనెలా రాని ఖర్చులన్నీ రాయండి. లెక్క కోసం హైదరాబాద్ శివారులో అద్దెకుంటున్న నలుగురున్న ఇల్లు తీసుకుందాం. చేతికొచ్చే జీతం 60,000. ఇద్దరు పిల్లలు. ఏడాది పద్దు ఇలా వస్తుంది:

స్కూలు ఫీజులు ఇద్దరికీ 64,000
పుస్తకాలు, యూనిఫాం, బూట్లు 14,000
సంక్రాంతి ప్రయాణం, బట్టలు 15,000
దసరా, ఉగాది, మిగతా పండగలు 10,000
పెళ్లిళ్లు, గృహప్రవేశాల చదివింపులు 12,000
ఆరోగ్య బీమా 20,000
టర్మ్ పాలసీ 13,000
బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు 6,000
ఎండుమిర్చి, చింతపండు, ఆవకాయ సరుకులు 6,000
మిక్సీ, గీజరు, ఫ్యాను రిపేర్లు 6,000
పుట్టినరోజులు 5,000

మొత్తం 1,71,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 14,250.

ఇప్పుడు నెల పద్దు చూడండి. అద్దె, మెయింటెనెన్సు 16,500. పాలు, పెరుగు 2,100. వెచ్చాలు బియ్యంతో సహా 6,500. కూరలు, పండ్లు 3,500. చికెను, గుడ్లు 2,400. గ్యాసు 750, కరెంటు 1,000, ఫోన్లు, నెట్ 1,400, పెట్రోలు 3,000, బండి వాయిదా 3,200, స్కూలు వ్యాను 1,800, మందులు 800, చిల్లర 3,000. కూడితే 45,950.

నెల పద్దు ఒక్కటే వేసుకున్న వాళ్లకు ఇక్కడ 14,050 మిగులు కనబడుతుంది. ఆ ధైర్యంతోనే ఓ కొత్త ఫ్రిజ్ వాయిదాల్లో వచ్చి కూర్చుంటుంది. ఏడాది పద్దులోని 14,250 కలిపి చూస్తే 60,200, అంటే నెలకు 200 లోటు. పొదుపు అనే మాటే ఇంకా రాలేదు. "జీతం బాగానే వస్తోంది, ఏటా జూన్‌లో మాత్రం గొలుసు బ్యాంకుకు వెళ్తోంది" అనే ఇళ్ల కథంతా ఈ రెండు అంకెల మధ్యనే ఉంటుంది.

ఫీజు రాసేటప్పుడు పోయినేడు కట్టినది రాయకండి, దానికి పది శాతం కలిపి రాయండి. పెరక్కపోతే మిగులుతుంది, అంతే. ఇంటి యజమాని ఏటా అద్దె పెంచే నెల కూడా క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. సొంతిల్లు ఉన్నవాళ్లు అద్దె బదులు ఆస్తిపన్ను రాసుకోవాలి. జీహెచ్ఎంసీలో ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే ఆ ఏడాది పన్నులో 5 శాతం రాయితీ ఇస్తారు. ఏడాది పద్దు కోసం నెలనెలా పక్కన పెట్టే సొమ్ము, అదే ఏడాది డబ్బా, నిండుగా ఉన్నవాళ్లకే ఆ రాయితీ అందుతుంది.

చదివింపుల గురించి ఒక మాట. ఇది సరదా ఖర్చు పద్దులోకి రాదు, నిజానికి బాకీ పద్దు. మీ ఇంట్లో శుభకార్యం జరిగినప్పుడు ఎవరెంత చదివించారో రాసిన పుస్తకం బీరువాలో ఉండే ఉంటుంది. దాన్ని తీసి, వాళ్లలో పెళ్లీడుకొచ్చిన పిల్లలున్న ఇళ్లు ఎన్నో లెక్కపెట్టండి. 516 పెట్టినవాళ్లకు 516 తిరిగి పెడితే సరిపోదని అందరికీ తెలుసు, కాబట్టి పాత అంకెకు కొంచెం పైన వేసుకోండి. ఆషాఢం, మూఢం పోను ముహూర్తాలు మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖంలో, శ్రావణంలో గుత్తులుగా వస్తాయి. ఒకే నెలలో నాలుగు పత్రికలు వస్తే కవరులో డబ్బు కంటే వెళ్లిరావడానికి అయ్యే ఖర్చే ఎక్కువవుతుంది. ప్రయాణం కూడా ఈ పద్దులోనే రాయాలి.

ఏడాది సరుకులనూ ఇందులోనే పెట్టడానికి కారణం ఉంది. కొత్త ఎండుమిర్చి, కొత్త చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మార్కెట్‌కి దిగుతాయి, ఆవకాయ మే నెలలో. అప్పుడు ఒకేసారి కొనేవాటిని నెల వెచ్చాల్లో వేస్తే ఆ నెల పద్దు పేలిపోయి, "ఈసారీ కుదర్లేదు" అని మనసు విరుగుతుంది. పచ్చళ్లు పెట్టే నలుగురున్న ఇంటికి మిర్చి నాలుగైదు కిలోలు పడుతుంది. చింతపండు గింజ, పీచు తీసి, ఎండలో పెట్టి, ఉప్పు చల్లి గట్టిగా మూత పెట్టకపోతే నల్లబడి మెత్తబడుతుంది. చౌకగా కొన్నామన్న సంతోషం వానాకాలానికి పోతుంది.

డబ్బా ఎక్కడ పెట్టాలి

ఆ 14,250 జీతం పడే ఖాతాలోనే ఉంచితే జూన్ దాకా ఉండదు. మరో సేవింగ్స్ ఖాతా కావాలి. ఆ ఖాతాని ఏ యూపీఐ యాప్‌కీ తగిలించకండి, డెబిట్ కార్డు ఇంట్లోనే ఉండాలి, పర్సులోకి రాకూడదు. స్టేట్ బ్యాంకు 2020లోనే సేవింగ్స్ ఖాతాకు కనీస నిల్వ నిబంధన ఎత్తేసింది, కాబట్టి ఖాళీగా ఉన్నా జరిమానా భయం లేదు. మిగతా బ్యాంకుల్లో కనీస నిల్వ ఎంతో అడిగి తెరవండి. జీతం 1న పడితే 2న ఆ ఖాతాకు వెళ్లిపోయేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. "నెలాఖరున మిగిలింది వేద్దాం" అనుకుంటే మిగలదు.

రికరింగ్ డిపాజిట్ ఇందుకు నప్పదు. ఏడాది డబ్బాలోంచి రెండు మూడు నెలలకోసారి తీయాల్సి వస్తుంది, ఆర్‌డీని మధ్యలో విరిస్తే వడ్డీ కోత పడుతుంది. ఆర్‌డీ పొదుపుకు బాగుంటుంది, దీనికి కాదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? జులైలో మొదలుపెట్టినవాళ్లు అదృష్టవంతులు. పన్నెండు వాయిదాలు పడ్డాకే పెద్ద ఫీజు వస్తుంది. ఫిబ్రవరిలో మొదలుపెడితే జూన్‌కి ఐదు వాయిదాలే పడతాయి: 71,250. జూన్‌లోగా కావలసింది ఫీజులు, పుస్తకాలకు 78,000, ఉగాదికి 4,000, ఏడాది సరుకులకు 6,000, పెళ్లిళ్లకు ఓ 6,000, మొత్తం 94,000. దాన్ని ఐదుతో భాగిస్తే నెలకు 18,800. మొదటి ఏడాది మాత్రం ఇలా "జూన్‌లోగా ఎంత, ఎన్ని నెలలున్నాయి" అని భాగించాలి, పన్నెండుతో భాగిస్తే దెబ్బతింటారు. 18,800 కుదరకపోతే స్కూలుకు ఫిబ్రవరిలోనే వెళ్లి ఫీజు మూడు టర్ములుగా కట్టే వీలుందో అడగండి. జూన్‌లో క్యూలో నిలబడి అడిగితే వచ్చే జవాబు వేరు.

లోటు పూడ్చడం

200 లోటు, దానిపైన నెలకు 3,000 పొదుపు. అంటే 3,200 ఎక్కడో దొరకాలి. ఈ ఇంట్లో దానికి తేలికైన దారి కళ్లెదుటే ఉంది. బండి వాయిదా సరిగ్గా 3,200. అది తీరిపోయే నెల ఏదో లోను స్టేట్‌మెంటులో చూసి, ఆ మరుసటి నెల నుంచి అదే తేదీన అదే మొత్తం ఆర్‌డీలోకి వెళ్లేలా ముందే పెట్టేయండి. తీరిన వాయిదా ఒక్క నెల ఇంట్లో తిరిగిందంటే ఇక దాని ఆచూకీ దొరకదు.

అప్పటిదాకా మాత్రం కొన్నిటిని నొక్కాలి. అన్నిటినీ తలా పది శాతం తగ్గించాలనుకోవడం శుద్ధ దండగ. అద్దె తగ్గదు, వ్యాను తగ్గదు, పిల్లల పాలు తగ్గించకూడదు. లొంగేవి నాలుగే: కరెంటు, వెచ్చాలు, ఫోన్లు, చిల్లర.

కరెంటు సంగతి కొంచెం వివరంగా. తెలంగాణ టారిఫ్‌లో ఇళ్ల కనెక్షన్లకు నెల వాడకం వంద దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80. సరిగ్గా 200 కాలిస్తే ఎనర్జీ ఛార్జీ 820. అదే 201 కాలిందనుకోండి, శ్లాబు మారిపోయి మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున పడుతుంది, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. అంటే 1,027.70. ఒక్క యూనిట్‌కి 207 రూపాయల పైచిలుకు. 200 యూనిట్ల దాకా ఉచితంగా కరెంటిచ్చే గృహజ్యోతి పథకం వర్తించే ఇళ్లకైతే 200 దాటిన నెల బిల్లంతా మీద పడుతుంది. అందుకే ఆదివారం ఆదివారం మీటరు రీడింగు గోడ క్యాలెండరు మీద రాసుకోవడం మంచి అలవాటు. రోజుకు ఆరున్నర యూనిట్లు దాటకుండా ఉంటే 200 లోపు పడతారు. బిల్లు తీసిన ఇరవయ్యో రోజుకు 130 దాటితే గీజరు, ఇస్త్రీపెట్టె మీద కన్నేయాలి.

వేసవిలో ఇది కుదరదు. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సుమారు యూనిట్ తాగుతుంది. రాత్రికి ఆరు గంటలేస్తే నెలకు 180. మామూలు నెలల్లో 150 కాల్చే ఇల్లు వేసవిలో 330 కాలుస్తుంది. 150కి ఎనర్జీ ఛార్జీ 580, 330కి 2,060. తొమ్మిది నెలలు అలా, మూడు నెలలు ఇలా వేసుకుంటే ఏడాదికి 11,400, నెల సగటు 950. ఫిక్స్‌డ్ ఛార్జీలూ అవీ కలిపి పైన 1,000 రాసింది అందుకే. బిల్లు 650 వచ్చిన నెలలో మిగిలిన 350 ఏడాది డబ్బాలోకి తోసేయాలి, అది ఏప్రిల్, మే బిల్లుల సొమ్ము. "ఈ నెల కరెంటు తక్కువొచ్చింది" అని బిర్యానీ తెప్పిస్తే మేలో ఏసీ కింద కూర్చుని చెమటలు పడతాయి.

వెచ్చాల్లో మోసపోయేది తూకం దగ్గర. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతుందని 2022 జులైలో నిబంధన వచ్చాక 26 కిలోల బస్తాలు దిగాయి. కాబట్టి బస్తా ధర బస్తా ధరతో పోల్చొద్దు, కిలోకి ఎంతో భాగించండి. నూనెదీ అదే తీరు. లీటరు సన్‌ఫ్లవర్ నూనె తూకంలో సుమారు 910 గ్రాములు. అదే సైజులో కనబడే ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో అంతకంటే తక్కువ గ్రాములుండొచ్చు. రెండు బ్రాండ్లు పోల్చేటప్పుడు గ్రాములు చూడండి. ఐదు లీటర్ల డబ్బా లీటరుకు చౌకే, కానీ డబ్బా ఇంట్లో ఉంటే చెయ్యి ధారాళమవుతుంది. నెలకు మూడు లీటర్లని లెక్క ఉంటే ప్యాకెట్లే మేలని నా అభిప్రాయం. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో సన్నబియ్యం మనిషికి 6 కిలోలు ఇస్తున్నారు. కార్డున్న నలుగురి ఇంటికి 24 కిలోలు, నెల తిండిలో ముప్పావు భాగానికి పైనే. అలాంటి ఇళ్లలో వెచ్చాల పద్దు అంకెను వెంటనే తగ్గించి రాయాలి. పాత అంకె అలాగే ఉంచితే ఆ డబ్బు బిస్కెట్లుగా, కూల్‌డ్రింకులుగా మారిపోతుంది.

గ్యాసుకు చిన్న జాగ్రత్త. ఆంధ్రలో దీపం-2 ఉచిత సిలిండరైనా, తెలంగాణలో 500 రూపాయల సిలిండరైనా ముందు పూర్తి ధర కట్టాలి, తర్వాత డబ్బు ఖాతాలో పడుతుంది. పద్దులో పూర్తి ధరే రాసి, సబ్సిడీ పడ్డాక జమ వైపు రాయండి. రాకముందే ఖర్చులోంచి తీసేస్తే నెల మధ్యలో తొమ్మిదొందలకు వెతుక్కోవాలి.

చికెను పద్దు ఎందుకు తప్పుతుందో చాలామందికి తోచదు. నెలకు నాలుగు ఆదివారాలని వేసుకుంటాం. పన్నెండు నాలుగ్గాలు నలభై ఎనిమిది, ఏడాదికి ఆదివారాలు యాభై రెండు. అంటే ఏటా కనీసం నాలుగు నెలల్లో ఐదో ఆదివారం వస్తుంది. క్యాలెండర్లో ఆ నెలలు ముందే గుర్తుపెట్టి ఆరొందలు అదనంగా వేసుకోండి. కార్తీకంలో నీచు ముట్టని ఇళ్లలో ఆ పద్దు మిగిలినట్టే ఉంటుంది, కానీ అది పూజలకూ, పండ్లకూ, వనభోజనాలకూ వెళ్లిపోతుంది. దాన్ని మిగులుగా లెక్కించొద్దు.

చిల్లర అనే చిల్లు

టీ, బజ్జీలు, ఆటో, కటింగు, పిల్లలకు ఐస్‌క్రీమ్. ఇవి ఒక్కొక్కటి రాసుకోవడం ఎవరివల్లా కాదు, అక్కర్లేదు కూడా. వారానికి గట్టు కడితే చాలు. ఫోన్లో యూపీఐ లైట్ అని ఉంటుంది: ఒకసారికి 1,000 దాకా పిన్ లేకుండా పోతుంది, అందులో నిల్వ 5,000 దాటదు. సోమవారం పొద్దున అందులో 700 వేసుకోండి. చిల్లరంతా దానిలోంచే. గురువారానికి అయిపోతే మళ్లీ సోమవారం దాకా టీ ఇంట్లోనే. నెలకు లెక్కేస్తే సుమారు 3,000, పైన రాసుకున్న పద్దుకు సరిపోతుంది. ఇందులో రెండు లొసుగులు. మొదటిది ఆటో టాప్‌అప్: అది ఆన్‌లో ఉంటే ఖాళీ అయిన ప్రతిసారీ దానంతట అదే నిండుతుంది, గట్టు కట్టిన ఫలితమే ఉండదు. ముందు దాన్ని ఆపేయండి. రెండోది, బ్యాంకు స్టేట్‌మెంటులో టాప్‌అప్ చేసిన 700 ఒక్కటే కనబడుతుంది, విడి ఖర్చులు యాప్‌లోనే ఉంటాయి. మన పద్ధతికి అదే హాయి.

ఇద్దరూ సంపాదించినా, ఒక్కరే సంపాదించినా, భార్యాభర్తలకు చెరొక లెక్క అడగని మొత్తం ఉండాలి. ఐదొందలైనా సరే. చీర మీద ఫాల్ కుట్టించుకున్నా, స్నేహితుడికి టిఫిన్ పెట్టించినా రెండోవాళ్లు నోరెత్తకూడదు. ఇది లేని ఇంట్లో వెచ్చాల బిల్లే పెరుగుతుంది, అందులోంచి దాచుకోవడం మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే.

యాప్‌లో ఆటోపే అనే పేజీ ఒకసారి తెరిచి చూడండి. 15,000 లోపు మొత్తాలకు నెలనెలా ఏ ఓటీపీ అడక్కుండానే కోసుకుంటారు. కోతకు 24 గంటల ముందు మెసేజ్ రావాలి, వస్తుంది కూడా, మనం చూడం. ఎప్పుడో ఐపీఎల్‌కి తీసుకున్న సబ్‌స్క్రిప్షన్ డిసెంబర్‌లో ఇంకా కోసుకుంటూనే ఉంటుంది.

అప్పుల్ని రూపాయల వడ్డీలో చూడండి

బ్యాంకులు ఏడాదికి శాతాల్లో చెబుతాయి, కార్డు వాళ్లు నెలకు శాతాల్లో చెబుతారు, ఊళ్లో నూటికి నెలకు రూపాయల్లో చెబుతారు. అన్నిటినీ ఊరి లెక్కలోకి మార్చుకుంటే ఏది ముందు తీర్చాలో ఇట్టే తెలుస్తుంది. ఇంటి లోను ఎనిమిదిన్నర శాతమంటే డెబ్బై పైసల వడ్డీ. బ్యాంకులో బంగారం లోను ముప్పావలా నుంచి రూపాయి. తెలిసినవాళ్ల దగ్గర తెచ్చింది రెండు రూపాయలు. క్రెడిట్ కార్డులో నిలిచిన బాకీ మూడున్నర రూపాయలు, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ని ఊరంతా తిట్టుకుంటుంది, మూడున్నర వడ్డీ మాత్రం పర్సులో నిగనిగలాడుతూ ఉంటుంది. కార్డు మీద 20,000 బాకీ ఉంటే నెల వడ్డీ 700, దానిమీద 18 శాతం జీఎస్టీ 126. మినిమం అని 1,000 కడితే అసలులో తగ్గేది 174. కాబట్టి కార్డు బాకీ తీరేదాకా ఆర్‌డీలూ, బంగారం స్కీములూ మొదలుపెట్టకండి. అవసరమైతే బంగారం మీద లోను తీసుకుని కార్డు తీర్చేయడం లెక్కకు సరైన పనే, ఆ తర్వాత కార్డు జోలికి పోనంతవరకు.

కార్డు వాడేవాళ్లు ఖర్చును గీకిన రోజే పద్దులో రాయాలి. బిల్లు కట్టిన రోజు రాస్తే నెల ఆలస్యంగా మెలకువ వస్తుంది.

చిట్టీ ఉన్న ఇళ్లలో ఒక పొరపాటు తరచూ కనబడుతుంది. లక్ష చిట్టీ, ఇరవైమంది, నెలకు 5,000 అనుకోండి. ఎవరో 25,000 తగ్గించి పాడారు. సంస్థ కమీషన్ 5 శాతం, అంటే 5,000 పోను మిగిలిన 20,000 ఇరవైమందికి తలా వెయ్యి డివిడెండు. కట్టాల్సింది 4,000 అవుతుంది. చట్టప్రకారం కమీషన్ 7 శాతం దాకా ఉండొచ్చు, అది 2019 సవరణతో పెరిగింది. ఆ 4,000ని పద్దులో రాసుకుంటారు. చివరి నెలల్లో పాడేవాళ్లు తగ్గి, డివిడెండు పడిపోయి, 4,700, 4,900 కట్టాల్సి వస్తుంది. పద్దులో ఎప్పుడూ పూర్తి 5,000 రాయండి, తగ్గిన నెల ఆ తేడాను ఏడాది డబ్బాలో వేయండి. జూన్ ఫీజుకు చిట్టీ పాడదామనే ఆలోచన మంచిది కాదు. మీలాగే పిల్లలున్నవాళ్లంతా అదే నెల పాటకు కూర్చుంటారు, తగ్గింపు ఎక్కువకు పోతుంది. రిజిస్ట్రారు అనుమతి నంబరు చూపించలేని చిట్టీ అయితే, పక్కింటి పిన్నిగారు నడిపేదైనా, ఆ డబ్బును పొదుపులో లెక్కించకండి.

చేబదుళ్లకు విడిగా ఒక పేజీ ఉండాలి. ఇచ్చింది ఖర్చులోనూ కలవదు, నిల్వలోనూ కనబడదు, మధ్యలో మాయమవుతుంది. పేరు, తేదీ, మొత్తం రాసి, ఇవ్వగల పరిమితి ముందే ఇంత అని పెట్టుకోండి.

నెలనెలా జీతం లేనివాళ్లు, టైలరింగ్, క్యాబ్, చిన్న షాపు నడిపేవాళ్లు, గడిచిన పన్నెండు నెలల్లో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలను జీతంగా అనుకుని ఇదే పద్ధతి వేసుకోవాలి. ఎక్కువొచ్చిన నెల మిగులు ఏడాది డబ్బాలోకే వెళ్తుంది.

ఇక నడిపించడం. ఆదివారం పావుగంట, ఇద్దరూ కూర్చుని, పద్దుల్లో ఎంత మిగిలిందో మాత్రం చూడండి. ఎందుకైందన్న విచారణ అప్పుడు వద్దు. ఒక పద్దు వరసగా మూడు నెలలు దాటితే తప్పు మనుషులది అయ్యుండదు, అంకెదే. కూరలకు 3,500 రాసి మూడు నెలలూ 4,100 అయితే 4,100 అనే రాసి, ఆ ఆరొందలు ఏ పద్దులోంచి తీయాలో తేల్చండి. ఆ డబ్బు ఎక్కడినుంచో తీయాల్సిందే, గాల్లోంచి రాదు.

ఏడాది పద్దును మళ్లీ కొత్తగా రాయడానికి జులై మొదటి వారం సరైన సమయం. ఫీజు రసీదులు, పుస్తకాల బిల్లు, బూట్ల ధర అన్నీ అప్పుడు చేతిలో తాజాగా ఉంటాయి. వాటిని ఒక కవరులో వేసి, పైన అసలు అయిన మొత్తం రాసి, పద్దుల పుస్తకంలోనే పెట్టండి. 64,000 అనుకున్నది 67,500 అయ్యుంటే ఆ తేడా పన్నెండో వంతు, నెలకు 292 చొప్పున, ఆగస్టు 2న వెళ్లే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్‌లో పెంచేయాలి.